కుంటాల జలపాతం: ఏ కార్తెలో ఎలా చూడాలి

నా పుట్టిల్లు నిర్మల్. పెళ్ళయ్యాక బోయిన్‌పల్లిలో స్థిరపడ్డాను. ఈ రెండు సంగతులూ తెలిసిన చుట్టాలు, ఇరుగుపొరుగు, చివరికి మా అబ్బాయి ఆఫీసువాళ్ళు కూడా నాలుగు చినుకులు పడగానే నన్ను అడిగే మాట ఒకటే: "కుంటాల ఎప్పుడు వెళితే బాగుంటుంది?" అడిగిన నోటితోనే "జూలై, ఆగస్టులే కదా" అని జవాబు కూడా వాళ్ళే చెప్పుకుంటారు. ఆదివారం పొద్దెక్కాక బయలుదేరి, మధ్యాహ్నం దాటాక చేరి, గొడుగుల సందుల్లోంచి ఎర్రనీళ్ళు చూసి, రాత్రికి నడుము పట్టుకుని ఇల్లు చేరతారు. మర్నాడు ఫోను చేసి "పెద్దగా ఏమీ లేదండీ అక్కడ" అంటారు. తప్పు కుంటాలది కాదు.

జలపాతం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఆశ్లేష కార్తెలో, అంటే ఆగస్టు మొదట్లో చూసినది హస్తలో ఉండదు, హస్తలో చూసినది శివరాత్రికి ఉండదు. మీకు హోరు కావాలా, తేటనీళ్ళు కావాలా, జనం లేనిచోట కాసేపు కూర్చోవాలని ఉందా, నది తొలిచిన బండలు చూడాలని ఉందా, ముందు అది తేల్చుకోండి. ఆ తర్వాతే క్యాలెండర్ తీయండి.

అంతకంటే ముందు ఊరు సరిగ్గా తెలుసుకోవాలి. నిర్మల్ జిల్లాలో భైంసా వైపు కుంటాల అనే మండల కేంద్రం ఒకటుంది. దానికీ ఈ జలపాతానికీ సంబంధం లేదు. ఫోనులో ఉత్త "కుంటాల" అని కొట్టి, చూపించిన దారి పట్టి పోయి, పత్తి చేల మధ్య కారు ఆపి మా తమ్ముడికి ఫోను చేసినవాళ్ళు ఉన్నారు. మనకు కావలసింది ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ మండలంలోని కుంటాల. "కుంటాల జలపాతం, నేరడిగొండ" అని పూర్తిగా కొట్టండి. అక్కడ కడెం నది సుమారు 147 అడుగుల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా ఉన్న బండల మీదుగా దూకుతుంది. శకుంతల పేరు మీదే ఆ ఊరికి కుంటాల అని వచ్చిందని మావైపు పెద్దలు చెబుతారు. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 260 కిలోమీటర్లు. మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి, ఆర్మూర్, నిర్మల్ దాటాక నేరడిగొండ వస్తుంది. అక్కడ రహదారి వదిలి పన్నెండు కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలి.

ఇక నా లెక్క. ఒక్కసారే వెళ్ళగలిగేవారు హస్త, చిత్త కార్తెల్లో వెళ్ళండి. అంటే సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మూడో వారం దాకా. అప్పటికి మూడు నెలల వాన నేలలో ఇంకి ఉంటుంది. వాగులు ఇంకా పారుతూనే ఉంటాయి, కానీ కొట్టుకొచ్చే మట్టి తగ్గుతుంది. జూలైలో ఎర్రగా పడిన ధార ఇప్పుడు తెల్లగా పడుతుంది. నీరు ఏ బండను తాకి ఎటు చీలుతోందో, ఏ అంచు మీద పలచబడుతోందో కంటికి ఆనుతుంది. వరదలో అదంతా ఒకే ముద్ద. పైగా ఆ రోజుల్లో దారి కూడా చూడదగ్గదే. బతుకమ్మ పండుగ దగ్గరపడుతుంటే చేల గట్ల మీద గునుగు తెల్లగా, బీళ్ళలో తంగేడు పచ్చగా విరగబూస్తాయి. నేరడిగొండ నుంచి లోపలికి వెళ్ళే దారిలో ఒకసారి కారు ఆపించి గునుగు కోస్తుంటే, అక్కడి పిల్ల ఒకతి వచ్చి "అట్ల కాదు, కింద పట్టుకుని తెంపాలి" అని నాకే నేర్పింది. బతుకమ్మ పేర్చే చేతులకు పాఠం చెప్పిందని ఆ రోజంతా నవ్వుకున్నాం. సీతాఫలాలు కూడా అప్పుడే. నిర్మల్ దాటాక దారి పక్కన గంపల్లో పెట్టుకుని అమ్ముతారు. కళ్ళు విచ్చుకున్న కాయ తీసుకోండి, రెండు రోజుల్లో పండుతుంది.

ఒక్క చిక్కు: దసరా సెలవులు. పండుగకు ముందు వెనుకల మూడు రోజులు వదిలేసి మామూలు వారం మధ్యలో పెట్టుకుంటే, నా అనుభవంలో, మెట్ల మీద మనుషులకంటే కోతులే ఎక్కువ. కోతుల సంగతి వచ్చింది కనుక ఇక్కడే చెబుతాను. ప్లాస్టిక్ సంచి చేతిలో వేలాడదీసుకుని మెట్లు దిగకండి. సంచి చప్పుడు వింటేనే వచ్చేస్తాయి. పులిహోర అయినా రొట్టెలైనా మూతబిగిసే డబ్బాలో పెట్టి, డబ్బాను భుజాన వేసుకునే సంచిలో పెట్టి, తినడం మాత్రం పైకి వచ్చాకే చేయండి.

మెట్లు నాలుగు వందలకు పైనే. కొండ గుడికి వెళ్ళినప్పుడు ఓపిక ఉండగా ఎక్కి, అలిసిపోయాక దిగుతాం. ఇక్కడ అంతా తిరగబడుతుంది. దిగేటప్పుడు అందరూ వీరులే, ఎక్కేటప్పుడే అసలు పరీక్ష. అందుకే భోంచేసి దిగకూడదు. ఉదయం పది గంటలకు చేరేలా బోయిన్‌పల్లి నుంచి అయిదింటికే కదిలితే, పన్నెండు లోపే ఎక్కేసి పైన నీడలో తినవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవారు దిగేటప్పుడే ఎక్కువ బాధపడతారు, ఎక్కేటప్పుడు ఆయాసపడేది మిగిలినవాళ్ళు. మా ఆడపడుచు కింది మలుపు దాకా వచ్చి, "వదినా, హోరు వినిపిస్తోంది కదా, నాకు అది చాలు" అని మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమెను తర్వాత పొచ్చెర జలపాతానికి తీసుకెళ్ళాను. కుంటాల నుంచి ఇరవై కిలోమీటర్ల దూరం, బోథ్ వైపు. ఎత్తు తక్కువే, సుమారు ఇరవై మీటర్లు ఉంటుందేమో, కానీ వెడల్పుగా పరుచుకుని పడుతుంది. పెద్దగా మెట్లు దిగే పని లేదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే కుంటాల వదిలేసి నేరుగా అక్కడికే వెళ్ళినా నష్టం లేదు. చూడడానికి అమాయకంగా కనిపిస్తుంది కానీ కింద మడుగు చాలా లోతు. దిగకూడదు.

ఇప్పుడు అందరూ మోజుపడే వరద రోజుల గురించి. మృగశిర ప్రవేశం జూన్ 8 ప్రాంతంలో. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదానికి జనం బారులు తీరే రోజు. ఆ రోజు నుంచే జలపాతానికి ప్రయాణం కట్టేవాళ్ళు తొందరపడుతున్నారు. మొదటి వానలన్నీ ఎండిన నేలే తాగేస్తుంది. పునర్వసు, పుష్యమి కార్తెలు వచ్చేసరికి, అంటే జూలై రెండో సగానికి గానీ నదికి నిండుతనం రాదు. అక్కడినుంచి సెప్టెంబరు దాకా ఎప్పుడైనా పొంగవచ్చు. తెలంగాణలో వాన ఎక్కువగా కురిసే ప్రాంతాల్లో మా ఆదిలాబాద్ ఒకటి. హైదరాబాద్‌లో ఎండ కాస్తోందని బయలుదేరితే అక్కడ కుంభవృష్టి ఉండవచ్చు.

అందుకే మీ ఇంటి కిటికీలోంచి ఆకాశం చూడకండి, ఎగువన ఎంత వాన పడిందో చూడండి. కడెం నది బజార్‌హత్నూర్ వైపు పుట్టి వస్తుంది. కాబట్టి చూడవలసింది నేరడిగొండ వర్షపాతం ఒక్కటే కాదు, బజార్‌హత్నూర్, బోథ్, ఇచ్చోడ మండలాలది కూడా. రాష్ట్ర ప్రణాళికా విభాగం మండలాలవారీగా రోజూ వాన లెక్కలు ఇస్తుంది, బేగంపేటలోని వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాలకు నారింజ రంగు గానీ ఎరుపు గానీ కనిపిస్తే ప్రయాణం మానుకోవడమే. పసుపు ఉంటే పై నుంచి చూసి వచ్చే ఉద్దేశంతో మాత్రమే వెళ్ళండి. ముందు రెండు రోజులు గట్టిగా వాన పడి, మూడో రోజు తెరిపి ఇస్తే, ఆ మూడో రోజు మధ్యాహ్నం దృశ్యం చూసి తీరవలసిందే. ఒప్పుకుంటాను. కానీ అది పైనుంచి చూసే దృశ్యం. కింది బండల మీద ఆ రోజు ఎవరికీ పని లేదు.

నేనేదో భయపెడుతున్నానని మా అబ్బాయి అంటాడు. 2022 జూలైలో ఇదే నది మీద దిగువన ఉన్న కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అన్ని గేట్లూ ఎత్తితే అది వదలగలిగేది సుమారు 3 లక్షలే. కట్ట నిలుస్తుందా లేదా అని మా నిర్మల్ అంతా ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ నీళ్ళన్నీ కుంటాల మీదుగా వచ్చినవే అనడం లేదు, మధ్యలో కలిసే వాగులు చాలా ఉన్నాయి. నది స్వభావం మాత్రం అది. కొండల్లో పుట్టిన నది, మైదానపు నదిలా నెమ్మదిగా నిండదు. మరుసటి ఏడాది జూలైలో ములుగు జిల్లాలో ముత్యాలధార జలపాతం చూడడానికి వెళ్ళినవాళ్ళు తిరుగుదారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుపడిపోతే, ఎన్డీఆర్ఎఫ్ బృందాలు రాత్రివేళ వెళ్ళి తీసుకురావలసి వచ్చింది. కాబట్టి జలపాతం దగ్గరే కాదు, దారిలో ఎన్ని వాగులు దాటాలో కూడా లెక్కలో పెట్టుకోండి. వంతెన మీద నీళ్ళు పారుతుంటే లోతు ఎంతైనా సరే, కారు ఆపేయండి.

కింద ఉన్నప్పుడు నది పెరుగుతోందని తెలియడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. తెల్లగా ఉన్న నీరు పాలు తక్కువైన టీ రంగుకు తిరుగుతుంది. ఎండుటాకులు, పుల్లలు ఒక్కసారిగా కొట్టుకురావడం మొదలవుతుంది. హోరు బొంగురుపోతుంది. ఇంతసేపూ బయటికి కనిపించిన చిన్న బండ ఏదైనా మాయమవుతుంది. నేను వెళ్ళగానే అలాంటి బండ ఒకదాన్ని గుర్తు పెట్టుకుంటాను, మాటల మధ్య కూడా నా చూపు దాని మీదే ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సంచులు ఏరుకుంటూ నిలబడకుండా పైకి ఎక్కేయాలి. మనమున్నచోట వాన లేదు కదా అని వాదించేవారితో వాదనకు దిగకండి, చెయ్యి పట్టుకుని లాక్కురండి. ఇక పిడుగులు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం తెలుస్తుంది. ముప్పై లెక్కపెట్టేలోపే ఉరిమిందంటే చెట్టు కింద నిలబడకుండా కారులోకి చేరాలి.

వానాకాలపు ఆనందం నిజానికి దారిలోనే ఎక్కువ. టేకు చెట్లు పూసేది ఆ రోజుల్లోనే. అడవి మీద మీగడ రంగు పొడి చల్లి ఉంటుంది. రోడ్డు పక్కన బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పుకారం రుద్ది ఇస్తారు. లేతది అడగండి. ముదురు కంకి కాలేసరికి గింజ రాయిలా అవుతుంది.

నవంబరు నుంచి జనవరి దాకా చలి రోజులు. ధార సన్నబడుతుంది, ఒక్కటిగా పడిన నీరు రెండు మూడు పాయలుగా విడిపోతుంది. ఫొటోలకు వెళ్ళేవారికి అప్పుడు నిరాశే. నాకు మాత్రం ఇష్టమైన కాలం. బండ మీద ఎండ పడేచోట కూర్చుంటే లేవబుద్ధి కాదు, పిట్టల అరుపు నీటి చప్పుడును మించి వినిపిస్తుంది. ఆదిలాబాద్ చలిని తక్కువగా అంచనా వేయకండి. హైదరాబాద్‌లో శాలువాతో సరిపెట్టుకునేవారికి అక్కడ తెల్లవారుజామున స్వెటర్ తప్పదు. అయిదింటికి బయలుదేరితే కామారెడ్డి దాటేదాకా మంచు ఉండవచ్చు, కనుక ఆ రోజుల్లో ఓ గంట ఆలస్యంగానే కదలండి. రహదారి మీద పత్తి నింపుకున్న ట్రాక్టర్లు, లారీలు నెమ్మదిగా పోతుంటాయి, వెనక దీపాలు ఉంటాయన్న నమ్మకం లేదు. తిరుగు ప్రయాణం చీకటి పడకముందే నిర్మల్ దాటేలా చూసుకోండి. డిసెంబరులో ఆరింటికే అడవి నల్లబడుతుంది.

మాఘంలో మోదుగ పూస్తుంది. ఆకులు రాల్చేసిన అడవిలో అక్కడక్కడ నిప్పు అంటుకున్నట్టు ఆ పూలే కనిపిస్తాయి. జలపాతం దగ్గర సోమేశ్వరస్వామి ఉన్నాడు. మహాశివరాత్రికి చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడికే కదులుతాయి. భక్తి ఉన్నవారికి అది మంచి సమయం, ప్రశాంతత కోరేవారికి కాదు.

ఎండాకాలంలో ఎందుకు వెళ్ళాలి అని అడిగితే, బండల కోసం అంటాను. మార్చి దాటాక ధార సన్నని తీగ అవుతుంది, కొన్ని ఏళ్ళు ఎండినట్టే ఉంటుంది. నీరు ఇన్నాళ్ళూ కప్పి ఉంచినదంతా అప్పుడు బయటపడుతుంది. బండల్లో గుండ్రని గుండాలు, వాటి అడుగున నున్నగా అరిగిన రాళ్ళు. వరదలో కొట్టుకొచ్చిన రాళ్ళు సుడిలో పడి ఒకేచోట తిరిగి తిరిగి బండను తొలిచిన గుంటలవి. మా మేనల్లుడు అలాంటిదాని పక్కన నిలబడి, "అత్తా, మోకాలు లోతు కూడా లేదు, అడుగు కనిపిస్తోంది చూడు" అన్నాడు. నా చేతికర్ర ఇచ్చి ముంచమన్నాను. కర్ర మునిగింది, వాడి చెయ్యి మునిగింది, భుజం దాకా వంగినా అడుగు తగల్లేదు. తేటనీరు లోతును తగ్గించి చూపిస్తుంది, పైన మూరెడు వెడల్పున్న గుండం లోపల మనిషిని మింగేంత ఉంటుంది. వాడు కర్ర తీసి నా చేతికిచ్చి, రెండడుగులు వెనక్కి వేసి, ఇంకేమీ మాట్లాడలేదు.

కుంటాలలో ఇన్నేళ్ళుగా ప్రాణాలు పోతున్నది ఎక్కువగా ఈ గుండాల దగ్గరే. ఈత వచ్చినవాళ్ళు కూడా పోయారు. ధార పడేచోట నురగలో గాలి కలిసి ఉంటుంది కనుక ఆ నీరు మనిషిని తేల్చి నిలపలేదు. పైనుంచి పడిన నీరు అడుగుకు వెళ్ళి, తిరిగి ధార వైపే లాగుతుంది. దానికి తోడు పాచి. ఎండిన పాచి నల్లగా, గరుకుగా ఉంటుంది, నమ్మి కాలు పెడతాం. దాని మీద తుంపర పడిందంటే జారుడే. అందుకే హవాయి చెప్పులు వద్దు, అట్ట మీద గాట్లు ఉన్న పట్టీల చెప్పులు వేసుకోండి. కంచె దాటి ఫొటో దిగేవారికి నా దగ్గర సలహా ఏమీ లేదు. నా ఆగ్రహం మాత్రం ఉంది.

మే నెలలో వెళ్ళేవారు తొమ్మిదింటికల్లా పైకి వచ్చేయాలి, ఆ తర్వాత బండ కాళ్ళు కాలుస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళయినా పట్టుకెళ్ళండి. తాగే నీళ్ళు, మరుగుదొడ్డి అక్కడ దొరుకుతాయన్న భరోసాతో ఎవరూ వెళ్ళకండి. ఆడవాళ్ళు నిర్మల్‌లో టిఫిను తినే హోటల్లోనే ఆ పని చూసుకుంటే మంచిది.

కారు లేనివారికి: సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో ఆదిలాబాద్ వెళ్ళే బస్సు ఎక్కండి. నేరడిగొండలో ఆగుతుందో లేదో ఎక్కేముందే కండక్టరును అడగండి. ఆగదంటే నిర్మల్‌లో దిగి పల్లెవెలుగు పట్టుకోవచ్చు. నేరడిగొండలో ఆటో మాట్లాడేటప్పుడు రానుపోను, మధ్యలో మూడు గంటలు ఆగడానికి కలిపి బేరం చేయండి, సగం డబ్బు తిరిగి వచ్చాకే ఇస్తామని చెప్పండి. దించేసి వెళ్ళిపోతే సాయంత్రం అక్కడ మరో ఆటో దొరకడం కష్టం.

ఉత్తరం వైపు అంత దూరం వద్దనుకుంటే దక్షిణాన నల్లమలలో మల్లెలతీర్థం అనే జలపాతం ఉంది. శ్రీశైలం దారిలో వటువర్లపల్లి దగ్గర లోపలికి తిరగాలి. అదీ మెట్లు దిగి చూసేదే, అదీ హస్త, చిత్త తర్వాతే అందంగా ఉంటుంది. అది పులుల అభయారణ్యం కనుక మన్ననూరు దగ్గర అటవీశాఖ వారు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా దారి మూసేస్తారు. పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉండేలా బయలుదేరితే, తిరిగి చీకటి పడకముందే ఇంటికి చేరవచ్చు.